మా ఆయన పాసైన పరీక్ష

మొన్న మా ఇంట్లో ఒక పరీక్ష జరిగింది. మా ఆయన ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. దాంతో పని మొత్తం చెడింది.

మొదటినుంచి చెప్తేగాని అర్థం కాదు. ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. దవాఖాన ఖర్చు ఒకసారి మీద పడి, పోతుంది. మనిషిని పెట్టుకునే ఖర్చు అట్లా కాదు, నెలనెలా వస్తూనే ఉంటుంది. స్నానం చేయించడానికి, నడిపించడానికి యాదమ్మ అనే ఆమెను పెట్టుకున్నాం. ఆమె మానేస్తే ఆయన్ని లేపాల్సింది నేను. నా నడుమేమో నన్నే సరిగ్గా లేపదు.

కొత్తపేటలో బట్టల దుకాణం నడిపే రోజుల్లో ఆయన ఒక ఇన్సూరెన్స్ పాలసీ తీసుకున్నారు. దాన్ని కూర్చుని చదివి, ముఖ్యమైన చోట్ల ఎర్ర పెన్నుతో గీతలు గీశాను. స్నానం, బట్టలు, తిండి, నడక, బాత్రూం. ఈ అయిదింట్లో కనీసం మూడు సొంతంగా చేసుకోలేకపోతే, పెట్టుకున్న మనిషి జీతం కంపెనీ ఇస్తుంది. అది చూసి పోవడానికి ఒక డాక్టరు ఇంటికొస్తాడు. మా ఆయనకు విడమరిచి చెప్పాను కూడా.

"ఈ పరీక్షల తప్పితేనే పాసైనట్టు. సమజైందా?"

"అయింది టీచరమ్మా" అన్నారు.

డాక్టరు వస్తానన్న రోజే తెలంగాణ బంద్. బస్సుల్లేవు. పెద్ద అంబర్‌పేట్ నుంచి యాదమ్మ ఫోన్ చేసింది. "ఎట్ల రావాలమ్మా, ఆటోలు గూడ లేవు."

అక్కడ మొదలైంది నా తెలివి. ఇంటికి అధికారి వస్తున్నాడంటే నాకు ఇంకేమీ తోచదు. ఇన్‌స్పెక్షన్ అనగానే బడి గోడలు కడిగించి, పిల్లల తలలు దువ్వించిన అలవాటు. నడుము పట్టుకుని ఆయనకు నేనే స్నానం చేయించాను. ఇస్త్రీ చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, పౌడరు రాసి కుర్చీలో కూర్చోబెట్టాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి మొత్తం మీద ఆ రోజు అంత ఆరోగ్యంగా కనిపించిన మనిషి ఇంకొకరు ఉండరు.

డాక్టరు ఎల్బీనగర్ నుంచి నడుచుకుంటూ చెమటలు కక్కుతూ వచ్చాడు. కోస్తా అబ్బాయి. "చౌరస్తాలో రోడ్డు మీదే వంటావార్పు అండీ. తినేదాకా వదల్లేదు" అన్నాడు.

అంత దూరం నడిచొచ్చిన మనిషి ముందు మా ఆయన కూర్చునే ఉంటారా? గోడకు ఆనుకుని లేచి నిలబడ్డారు. "రండ్రి, కూసోండ్రి" అని ఎడమ చేత్తో కుర్చీ కూడా చూపించారు. డాక్టరు కాగితం మీద ఏదో టిక్కు పెట్టాడు.

"చొక్కా మీరే వేసుకున్నారాండీ?"

ఆయన నా వైపు చూశారు. తర్వాత డాక్టరు వైపు చూశారు. పెళ్ళాం గుండీలు పెట్టిందని ఆ పిల్లవాడితో చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

"నేనే" అన్నారు.

"స్నానం?"

"నేనే."

"నిజమేనామ్మా?" అని డాక్టరు నన్నడిగాడు.

ఇన్‌స్పెక్టరు ముందు మన పిల్లవాడు జవాబు చెప్తుంటే మనం కాదంటామా? "ఆయన అబద్ధం చెప్పరు సార్" అన్నాను.

డాక్టరు మెట్లు దిగాక ఆయన అడిగారు. "ఎట్ల చెప్పిన?"

"మస్తు చెప్పిండ్రు. ఇగ పైసలు రావు."

వారం తిరక్కుండానే కంపెనీ ఆ మాటే చెప్పింది. నేను ఫోన్ చేసి, జరిగింది దాచకుండా చెప్పి, మళ్ళీ చూడమని బతిమాలాను. ఆ డాక్టరే వచ్చాడు, ఈసారి చెప్పకుండా, పొద్దున్నే. ఆయన పాత బనీనులో మంచం మీద ఉన్నారు. యాదమ్మ అప్పుడే లేపబోతోంది.

ఈసారి ఆయన సిగ్గుపడలేదు. స్నానం ఎవరు చేయిస్తారంటే యాదమ్మన్నారు. నడిపించేది? యాదమ్మ. బాత్రూంకు? యాదమ్మ. చొక్కా తొడుక్కోమంటే ఒక చెయ్యి దూర్చి ఆగిపోయారు. డాక్టరు రాసుకుంటూ పోతున్నాడు. మూడు దాటింది. యాదమ్మ జీతానికి దారి దొరికినట్టే. నేను నోరు మూసుకుని నిలబడితే చాలు.

"తిండి?" అన్నాడు డాక్టరు.

"చెంచాతో తింటరు సార్" అన్నాను నేను. "ఎడమ చేత్తోని, కింద పడకుంట. దాంట్ల మంచిగనే చేస్తరు."

డాక్టరు పెన్ను ఆపాడు. "అన్నం కలిపిచ్చేదెవరమ్మా?"

"నేనే."

"అయితే తినడం కూడా రానట్టేనమ్మా."

"సగం మార్కన్న వెయ్యరా సార్?"

"అమ్మా, మీరు జర లోపలికి వెళ్తారా?" అన్నాడు డాక్టరు, మన 'జర' కలిపి.

వంటింట్లోకి పోయి నిలబడ్డాను. కొంచెంసేపటికి యాదమ్మ నవ్వుకుంటూ వచ్చి, నా మొహం చూసి ఆగిపోయింది.

"ఏందమ్మా గట్ల ఉన్నరు? మన పనైంది గద."

"అయింది యాదమ్మా. గని అయిదింట్ల ఒక్కటన్న రాలే."