కుట్టులోకి వదిలిన జుట్టు

అమ్మమ్మ తలమీద ఉన్నది జుట్టు కాదు, పేచీ. ఒక్కో వెంట్రుక విడిగా చూస్తే సాలెగూటి పోగంత సన్నం. అన్నీ కలిపి పట్టుకుంటే పిడికిలి చాలదు. సన్నం కాబట్టి ముడి జారిపోతుంది. ఒత్తు కాబట్టి టోపీ పెడితే పైకి తన్నేస్తుంది. ఏ పిన్నుకీ లొంగదు. "యాభై ఎనిమిదేళ్ళుగా ఈవిడ ఎవరికి లొంగింది గనక, ఈవిడ జుట్టు లొంగడానికి?" అంటాడు తాతయ్య.

ఆ జుట్టు ఒక గురువారం ఆవిడ పనికే ఎసరు పెట్టింది.

అమ్మమ్మ కర్టెన్లు కుట్టే చోట పనిచేస్తుంది. కిటికీ పక్క మూడో మెషిను ఆవిడది. వేరేవాళ్ళు కూర్చుంటే దాని సూది విరిగిపోతుందని ఒక పుకారు ఉంది. పుట్టించింది ఆవిడే. ఇరవై రెండేళ్ళుగా ఎవరూ ఆ దరిదాపులకి రాలేదు. గురువారం మధ్యాహ్నం వంగి పల్చటి కర్టెను అంచు కుడుతుంటే ముడిలోంచి ఒక పాయ జారి మెషిను చక్రంలో చుట్టుకుంది. పక్క మెషిను ఆవిడ గబుక్కున స్విచ్చి ఆపేసరికి, అమ్మమ్మ చెంప మెషినుకి ఆనుకుని ఉంది, చెవిలో రహస్యం చెబుతున్నట్టు.

సూపర్‌వైజరు పరుగున వచ్చి పాయ కత్తిరించి విడిపించింది. అమ్మమ్మకంటే పదిహేనేళ్ళు చిన్నది, కానీ ఆ రోజు ఆవిడ గొంతు పెద్దదైంది.

"అక్కా, సోమవారం పొద్దున నా ముందు మెషిను మీదకి వంగి తల ఊపాలి నువ్వు. ఒక్క వెంట్రుక ముందుకి పడిందా, ప్యాకింగు బల్లకి పంపించేస్తాను. తర్వాత నన్ను తిట్టుకోకు."

"ఇప్పుడే తిట్టుకుంటున్నానులే," అంది అమ్మమ్మ.

ప్యాకింగు బల్ల అంటే పొద్దస్తమానం ఇంకొకరు కుట్టినవి మడతపెట్టడం. ఇంకొకరి కుట్టు చూసి నోరు మూసుకోవడం అమ్మమ్మ వల్ల అయ్యే పని కాదు.

శుక్రవారం సాయంత్రం వీధి మలుపులో ఉన్న కటింగ్ షాపుకి వెళ్ళింది. అక్కడి పిల్లకి సగం జుట్టు నీలం రంగు. ఆ పిల్ల అమ్మమ్మ ముడి విప్పి, రెండు చేతులా ఎత్తి, బరువు చూసింది.

"అబ్బో! వెంట్రుక సన్నం గానీ, ముగ్గురికి పంచొచ్చు ఆంటీ."

"పంచడానికి రాలేదమ్మా. ఏం చెయ్యాలో చెప్పు."

"ఒకే పొడవున కోస్తే కింద గంటలా ఉబ్బుతుంది. లేయర్లు తీస్తే బరువు తగ్గుతుంది, ముడి చిన్నదవుతుంది. కాకపోతే ఎక్కువ తీశామా, పై పొరలు పొట్టివై రబ్బరుబ్యాండుకి అందవు. సన్న జుట్టు కదా, మొహం మీద ఎగురుతూ ఉంటాయి."

"ఎగిరితే నా కొంప మునుగుతుంది. మొత్తం పొట్టిగా కొట్టేస్తేనో?"

"ఇంత ఒత్తు జుట్టా? నిక్కబొడుచుకుంటుంది. పుట్టగొడుగే ఇంక."

అమ్మమ్మ లేచి నిలబడింది. "రేపొస్తా. కొత్త నమూనా ఏదైనా నేను ముందు పాత గుడ్డ మీద కోసి చూస్తాను."

"జుట్టుకి పాత గుడ్డేంటి ఆంటీ?" అని ఆ పిల్ల అడిగేలోగా వీధిలో ఉంది.

ఇంటికి రాగానే రెండు పాత టోపీలు తీసింది. నల్ల సిల్కు దారం ఉండలన్నీ విప్పి, ముక్కలు కోసి, గుత్తులుగా టోపీల నిండా కుట్టింది. నిజాయితీగా ఉండాలని, నెరిసిన వెంట్రుకల లెక్కకి అక్కడక్కడ తెల్ల దారం కూడా కలిపింది. తగిలించడానికి ఒక తల కావాలి. ఇంట్లో ఖాళీగా ఉన్న తల ఒక్కటే, తాతయ్యది. దాని మీద వెంట్రుక మొలిచి చాలా కాలమైంది.

"నా వల్ల కాదే!" అన్నాడాయన.

"మీకేమండీ, ఏ కత్తిరింపైనా నప్పుతుంది. కూర్చోండి."

మొదటి టోపీకి పై పొర చెంపల దాకా కోసింది. చూడ్డానికి భలే ఉంది. "ఇప్పుడు వెనక్కి ముడేస్తాను, వంగి తల ఊపండి."

"తర్వాత 'మీరే ఒప్పుకున్నారుగా' అనకూడదు మరి," అంటూ ఊపాడు. దారాలన్నీ ముక్కు మీద పడ్డాయి. తుమ్మాడు. సరిగ్గా అప్పుడే పక్కింటాయన నిచ్చెన అడగడానికి వచ్చాడు. తాతయ్యని చూశాడు. ఏమీ అడక్కుండానే వెళ్ళిపోయాడు.

రెండో టోపీకి అమ్మమ్మ టేపు తీసింది. తన నుదుటి నుంచి మెడ వెనక ముడి దాకా కొలిస్తే పదమూడంగుళాలు. పై పొర అంతకంటే పొట్టి కాకుండా, కింది పొరలే మెట్లు మెట్లుగా కోసింది. ఈసారి తాతయ్య మెడ పట్టేసేలా ఊపినా ఒక్క పోగు కదల్లేదు.

శనివారం తాతయ్యని వెంటబెట్టుకుని కటింగ్ షాపుకి చీటీతో వెళ్ళింది. చీటీ మీద పదమూడు లేదు, పద్నాలుగున్నర ఉంది. నీలం జుట్టు పిల్ల చదివి, జుట్టు తడిపి, అలాగే కోసింది. గుప్పెళ్ళకొద్దీ నేలమీద పడుతుంటే అమ్మమ్మ కళ్ళు మూసుకుంది. తాతయ్య మాత్రం కళ్ళు తెరుచుకునే ఉన్నాడు, ఇంకొకరి తల కాబట్టి.

అసలు సంగతి ఆరాక తెలిసింది. ఇన్నాళ్ళూ బరువుకి నిటారుగా వేలాడిన జుట్టు, బరువు పోగానే కులాసాగా వంపు తిరిగింది. సిల్కు దారానికి ఈ బుద్ధి లేదు. పై పొర చూస్తుండగానే పైకి పాకింది. ఆ పిల్ల కంగారుగా కొలిచింది.

"పదమూడే ఉందాంటీ! మీరు పద్నాలుగున్నర రాశారు కదా, సారీ..."

"పదమూడే కావాలి," అంది అమ్మమ్మ, అద్దంలో తనని తాను రెండు వైపులా తిరిగి చూసుకుంటూ.

"మరి ఎక్కువెందుకు రాశారు?"

"కుట్టులోకి వదిలాను."

"కుట్టులోకా?"

"చాలకపోతే విప్పి పెంచుకోవచ్చని..." అంటూ మధ్యలో ఆగిపోయింది అమ్మమ్మ. జుట్టుకి కుట్టు లేదని, కోసింది మళ్ళీ విప్పుకోలేమని అప్పుడు తట్టింది. పక్కన తాతయ్య భుజాలు కదులుతున్నాయి.

"జుట్టు పైకి లేస్తుందని నాకు ముందే తెలుసు," అంది అమ్మమ్మ, గడ్డం ఎత్తి.

"తెలుసు తెలుసు," అన్నాడు తాతయ్య.

సోమవారం పొద్దున అందరూ పని ఆపి మూడో మెషిను చుట్టూ చేరారు. అమ్మమ్మ కూర్చుంది, వంగింది, తల ఊపింది. చిన్న ముడి మెడ వెనక గువ్వపిట్టలా కూర్చుంది, లేవలేదు. సూపర్‌వైజరు కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరికి వచ్చింది.

"ఆగాగు అక్కా. ఇదేంటి?"

చెవి పక్కన తెల్లగా ఒకటి వేలాడుతోంది. సూపర్‌వైజరు దాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగింది. వచ్చింది. లాగినకొద్దీ వస్తూనే ఉంది, మూరెడు.

"ఇది దారం కదా!"

"నిజాయితీకి కలిపాను," అంది అమ్మమ్మ, టోపీకి కుట్టిన తెల్ల దారాన్ని గుర్తుపట్టి. ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ అప్పటికే స్విచ్చి వేసి, సూది కిందకి గుడ్డ తోసేసింది.

రెండో టోపీని తాతయ్య పారెయ్యనివ్వలేదు. చలికి బాగుందంటాడు. ఆయన అది పెట్టుకుని పేపరు చదువుతుంటే అమ్మమ్మ వెనకాల చేరి, కత్తెర పట్టుకుని, పై పొర ఇంకో అరంగుళం తగ్గిస్తే ఈయన మొహానికి ఇంకా నప్పుతుందా అని చూస్తూ ఉంటుంది.