తొండుపల్లి బాపు మింగిన కెమెరా

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి తనకొచ్చిన పనికంటే మెడలో వేలాడే గుర్తింపు కార్డు మీదే ఎక్కువ నమ్మకం ఉంటుందేమో! శంషాబాద్ దగ్గర ఒక పెద్ద ఆసుపత్రిలో టెక్నీషియన్‌గా చేరిన ఆ రోజుల్లో నా సంగతి అదే. మైలార్‌దేవ్‌పల్లి నుంచి బస్సులో నలుగుతూ వెళ్లేదాన్ని, కార్డు మాత్రం చున్నీ కింద దాగకుండా బయటికి లాగి పెట్టుకునేదాన్ని (కండక్టరు చూస్తాడని! ఆయన ఒక్కసారీ చూడలేదు). నా పనల్లా, కెమెరా ఉన్న మాత్రను రోగి చేత మింగించడం, అది లోపల తిరుగుతూ తీసే బొమ్మలు సరిగ్గా వస్తున్నాయో లేదో అతని నడుముకు కట్టిన పెట్టె తెరమీద చూడడం.

అప్పుడు వార్డులో చేరాడు తొండుపల్లి బాపు. కూరగాయలు పండించే మనిషి. లోపల ఎక్కడో రక్తం కారిపోతోంది, ఎక్కడో తెలియదు. పైనుంచీ కిందినుంచీ గొట్టాలు వేసి చూశారు, దొరకలేదు. రక్తం ఎక్కించడం, అది మళ్లీ తగ్గడం. ఈ మాత్రకూ దొరక్కపోతే కడుపు కోసి వెతకాలన్నారు పెద్ద డాక్టరుగారు. అది విన్నప్పటి నుంచి బాపు భార్య కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

పొద్దున్నే బాపు మాత్ర గటుక్కున మింగాడు. ఆ తరువాత నేను ఎప్పుడు వెళ్లి చూసినా తెరమీద అదే కడుపు గోడ. మాత్ర పేగులోకి దిగడమే లేదు. సాయంత్రానికి దాని బ్యాటరీ కాస్తా అయిపోతుంది. బాపేమో మంచం మీద నిటారుగా, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, గోడకేసి చూస్తూ బిగుసుకుపోయి ఉన్నాడు.

"బాపూ, జర లేచి అటూ ఇటూ నడువరాదూ?" అన్నాను. ఆయన పెదవులు కదపకుండా, "వద్దు బిడ్డా, లోపల ఫోటోలు దిగుతున్నయ్ గద, కరాబైతయ్" అన్నాడు. భార్య నన్ను పక్కకు లాగి, "పొద్దుగాల్నుంచి గట్లనే కూసున్నడు. దగ్గొస్తే గూడ ఆపుకున్నడు. నవ్విస్తదని మా ఆడబిడ్డను బయటికి తోలిన" అంది. పాపం, తప్పు ఆయనది కాదు. వారం నుంచి ఎక్స్‌రే గదిలో, స్కానింగ్ గదిలో "కదలొద్దు, ఊపిరి బిగబట్టు" అని ఒకటే వాయించారు మనవాళ్లు!

డాక్టరుగారికి ఫోన్ చేశాను. "వార్డులో మంచానికి అంటుకుని ఉండేవాళ్లకు కడుపు బద్ధకిస్తుందమ్మా. దాన్ని కదిలించే మందు సూదిలో ఇప్పించి, నడిపించండి" అన్నారు. సిస్టరమ్మ సిరంజితో రాగానే బాపు, "సూది గుచ్చితే ఉలిక్కిపడ్త! పడ్డ కష్టమంత మట్టిల కలుస్తది" అని చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. చివరికి, "బాపూ, ఇది ఫోటో గాదు, పెండ్లి బరాత్ వీడియో! బండి ముందుకు పోతేనే గద ఊరంత వీడియోల వడేది? నీ బండి మొదటి గల్లీలనే ఆగింది. ఈ సూది దాన్ని తోస్తది" అన్నాను.

బాపు ముఖం విప్పారింది. "అరె, వీడియోనా! గీ ముచ్చట పొద్దుగాల చెప్తే ఏంబోతుండె నీకు? ఊకెనే బొమ్మలెక్క కూసున్న గదనే!" అని చెయ్యి చాపాడు. సూది పడ్డాక ఇక ఆయనను ఆపడం ఎవరి తరం? వరండాలో ముందు బాపు, వెనక భార్య, ఆమె వెనక నవ్వు ఆపుకోలేని ఆడబిడ్డ, అందరి వెనక నేను. విమానం పోయినప్పుడల్లా ఆయన కిటికీ దగ్గర ఆగబోవడం, "నడువు బాపూ, నడువు!" అని నేను అదిలించడం.

కాసేపటికి తెరమీద బొమ్మ మారింది. నున్నటి గోడ పోయి, కొత్త తువ్వాలు మీది నూలుపోగుల్లాంటి పేగు కనబడింది. "దిగింది! దిగింది!" అని కేక పెట్టాను. వార్డంతా లేచి కూర్చుంది, సిస్టరమ్మ నాకు చీవాట్లు పెట్టింది. మర్నాడు బొమ్మలన్నీ చూసిన డాక్టరుగారికి పేగు మధ్యలో నెత్తురోడుతున్న చిన్న ఎర్రచుక్క దొరికింది. పొడుగాటి గొట్టం పంపి దాన్ని మాడ్చేశారు. కడుపు కోయలేదు. "ఇగ ఇంటికి పోవుడేనా బిడ్డా?" అని బాపు భార్య నన్ను మళ్లీ మళ్లీ అడిగి, నా భుజం మీద తల పెట్టి భోరుమంది.

ఇప్పుడు నా పనిలో నేను ఆరితేరాను. మాత్ర కడుపు దాటితే టీ తాగుతూ తల ఊపుతాను, అంతే. ఆనాటి నా కేకలు తలుచుకుంటే ఎంత పిచ్చిదాన్నో అని నవ్వొస్తుంది. కానీ ఎవరి కడుపులోనో ఒక మాత్ర కదిలినందుకు లోకం గెలిచినట్టు అరిచిన ఆ పిల్లంటే, నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం అసూయ.