ముందు వరుసలో నా ముఖం

నిన్న కంఠేశ్వర్‌లో ఆటో కోసం నిలబడితే పక్క గోడకు ఒకతను పోస్టర్ అంటిస్తున్నాడు. మైదా జిగురు పుల్లటి వాసన ముక్కుకు తగలగానే సుగుణ మేడం గుర్తొచ్చారు. బోధన్‌లో మేము పనిచేసిన జూనియర్ కాలేజీలో ఆమె చరిత్ర చెప్పేవారు, నేను లెక్కలు. ఆ జిగురుతోనే పాత పేపర్లు అతికించి, స్టాఫ్‌రూమ్ కిటికీలో ఎండబెట్టి మాస్కులు చేసేవారు. ప్రాచీన గ్రీకుల హాస్యనాటకమంటే ఆమెకు తీరని కుతూహలం. కొండవాలున పట్టపగలు ఊరంతా కూర్చుంటే, ఊరి పెద్దల ముఖాలతోనే మాస్కులు చేసి, వాళ్ల ఎదుటే వాళ్లను ఆడిపోసుకునేవారట. వాళ్లకు కోపం రాదా అని అడిగాను. "మన చిందు భాగోతంల ఊరి పటేల్‌ను అనరా తమ్మీ? గిదీ గంతే" అన్నారు. ఒకసారి తనను వెక్కిరిస్తుంటే ఒక తత్వవేత్త లేచి నిలబడ్డాడట, మాస్కునూ తన ముఖాన్నీ పోల్చి చూసుకోమని. ఈ కథ ఆమె ప్రతి క్లాసులోనూ చెప్పేవారు. నిజమో కాదో ఎవరికీ తెలియదని కూడా చెప్పేవారు.

అప్పుడు నా క్లాసు సగం ఖాళీ. లెక్క తప్పినవాణ్ణి "పో, చెరుకు కొట్టుకో" అనేవాణ్ణి. చెరుకు కొట్టే ఇళ్ల పిల్లలే అక్కడ ఎక్కువ. ఒక్కొక్కరే రావడం మానేశారు. నాది కాంట్రాక్టు ఉద్యోగం. క్లాసు నిండకపోతే వచ్చే ఏడు పెట్టుకోనని ప్రిన్సిపాల్ చెప్పేశాడు. నేను మాత్రం తప్పంతా పిల్లలదేనని నమ్మాను.

వార్షికోత్సవానికి మేడం పిల్లలతో గ్రీకు పద్ధతిలో నాటకం కట్టించి, నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఆట మొదలవగానే ఎదురుగా నా కళ్లద్దాలు, నా మీసం. రెంజల్ నుంచి వచ్చే గంగాధర్ నా మాస్కు పెట్టుకుని, సూర్యుడి వేషంలో ఉన్న పిల్లవాణ్ణి నిలదీస్తున్నాడు. "రోజూ తూర్పునే లేస్తున్నవ్, జవాబు కరెక్టే. స్టెప్పులేవిరా? పో, చెరుకు కొట్టుకో." హాలంతా ఒక్కటే నవ్వు. నా చెవులు మండిపోయాయి. బయటికి పోదామని లేచాను.

చప్పట్లు మొదలయ్యాయి. ఎందుకో ముందు అర్థం కాలేదు. ఆ తత్వవేత్తలాగే నేనూ పోల్చి చూసుకోమని నిలబడ్డాననుకున్నారు పిల్లలు. గంగాధర్ మాస్కు తీసి దండం పెట్టాడు. ఇక ఎటు పోను? అలాగే నిలబడిపోయాను.

తర్వాత నా క్లాసు నిండింది, ఉద్యోగం నిలిచింది. సార్‌ది పెద్ద మనసని చెప్పుకున్నారు. మేడం మాత్రం స్టాఫ్‌రూమ్‌లో వేళ్లకంటిన జిగురు గోక్కుంటూ, "ఎందుకు లేసినవో నాకెరుకనే తమ్మీ. గాళ్లకు చెప్పకు. గాళ్లు అనుకున్నట్టు ఉండు" అన్నారు.

ఉండాలనే చూశాను. ఆ పాత మాట నోటిదాకా వచ్చిన రోజులున్నాయి, జారిన రోజులూ ఉన్నాయి. జారినప్పుడల్లా ఇంటికొచ్చి, ఆట తర్వాత మేడం నాకే ఇచ్చేసిన ఆ మాస్కును, ఇప్పుడు మీసం ఊడినదాన్ని, బీరువా మీది నుంచి దించి చూసుకుంటాను. నిన్న ఆటోలో కూర్చున్నాక మాత్రం ఇంకొకటి తట్టింది. ఆ తత్వవేత్త కూడా ఇంటికి పోదామనే లేచాడేమో. అడుగుదామంటే మేడం లేరు.