డెబ్బై అనుకుందామండీ

నన్ను లావని ఎప్పుడూ ఎవర్నీ అననివ్వలేదు మా అమ్మ. ఎవరైనా ఆ మాట ఎత్తబోతున్నారని కనిపెట్టగానే తనే అందుకుని, "దానిది ఎముక బరువండీ" అనేసేది. పామర్రులో మా పుట్టింటి వీధి వీధంతా అది నమ్మింది. నేనూ నమ్మాను. చిన్నప్పుడు రైల్వే స్టేషన్లో బిళ్ళ వేసి ఎక్కే బరువు మిషను దగ్గర ఆగితే చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది. ఆడపిల్ల బరువు పదిమందికీ తెలిస్తే దిష్టి తగులుతుందని ఆవిడ భయం. నలభై దాటాక మోకాళ్ళు మొరాయించి, డాక్టరు గారు నడక తగ్గించి సైకిలు తొక్కమన్న రోజున ఆయన ముందు మిషనెక్కక తప్పలేదు. అక్కడ కనిపించిన అంకె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆయన అడగనూ లేదు. ఆయనకి ప్రాణం మీద తీపి ఎక్కువ.

నేను కొన్నది కొండలెక్కే సైకిలు. లావుపాటి టైర్లు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో కుదుపులు తట్టుకోవడానికి గాలి. కొట్లో ఉన్నవాటన్నిటిలో నన్ను చూసి బెదరనట్టు కనిపించింది అదొక్కటే. మొదట్లో బందరు కాలవ గట్టు వెంట కంకిపాడు దాకా వెళ్ళొచ్చేదాన్ని. పొద్దున్నే చేలల్లోంచి చల్లగాలి, నా పాటికి నేను. డెల్టా నేల మర్యాద తెలిసినది. మీ బరువెంతండీ అని అడగదు, తీసుకుపోతుంది.

అడిగింది కొండ. ఇబ్రహీంపట్నం దాటాక కొండపల్లి అడవిలోకి ఒక మట్టిదారి ఎక్కుతుంది. పైకెళితే థర్మల్ స్టేషన్ పొగగొట్టాల మీదుగా కృష్ణ దాకా కనిపిస్తుందని సైకిళ్ళవాళ్ళు చెబితే వెళ్ళాను. సగం దారిలో రాళ్ళ మలుపు ఒకటుంది. అక్కడికి రాగానే ఊపిరి అందక దిగిపోవడం, మిగతాది నెట్టుకుంటూ నడవడం, ప్రతిసారీ ఇదే తంతు. పక్కనుంచి దాటిపోయేవాళ్ళు "కమాన్ ఆంటీ" అనేవాళ్ళు. మంచికే అంటారు, తెలుసు. అయినా ఒళ్ళు మండిపోయేది.

ఆ దారిలో ఒక్కసారి సీటు దిగకుండా పైదాకా వెళ్ళాలని పట్టుదల పట్టుకుంది. ఇల్లూ, నా కుట్టుకొట్టూ, చుట్టాల పనులూ అన్నీ నలుగురికీ చెందినవే. నాకోసం నేను కోరుకున్నది చాలాకాలానికి ఇదొక్కటే.

నా బరువు తగ్గడం ఎలాగూ దేవుడి చేతుల్లో ఉంది కాబట్టి, సైకిలు బరువు తగ్గిద్దామనుకున్నాను. రాత్రీ పగలూ ఫోన్లో అవే చూసేదాన్ని. తక్కువ స్పోకులున్న తేలిక చక్రాలు, పలచటి సీటు గొట్టం, చిన్న బ్రేకు డిస్కులు. ఏది చూసినా గ్రాముల్లోనే. మా ఆయన పక్కనుంచి తొంగి చూసి, ఆ గ్రాములేవో పెసరట్టులో ఉప్మా మానేస్తే ఖర్చు లేకుండా తగ్గుతాయి కదా అన్నారు. రెండు రోజులు ఆయనకి పెసరట్టూ లేదు, ఉప్మా కూడా లేదు.

తెప్పించిన పార్టులు పట్టుకుని బెంజి సర్కిల్ అవతల ఉన్న సైకిళ్ళ కొట్టుకి వెళ్ళాను. ఓనరు మంచివాడు, మాట మెత్తన. అన్నీ బిగించాక ముందు ఫోర్కులో గాలి కొట్టాలి. తొక్కేవాళ్ళ బరువుని బట్టి ఎంత గాలి ఉండాలో ఆ ఫోర్కు మీదే పట్టీ అతికించి ఉంటుంది. నాకు ముందు వచ్చిన మగాయన్ని "ఎంతుంటారు బాసూ" అని గట్టిగా అడిగాడు. నా దగ్గరికొచ్చేసరికి పంపు పట్టుకుని పట్టీ వైపు చూశాడు, నా వైపు చూడకుండా చూశాడు, మళ్ళీ పట్టీ వైపు చూశాడు.

"డెబ్బై అనుకుందామండీ, మేడమ్ గారూ."

అతని మర్యాదకి నా మనసు వెన్నలా కరిగింది. సరే అన్నట్టు తల ఊపాను. ఇంటికొస్తూ, నిజంగానే డెబ్బై కాబోలు అన్నంత హాయిగా తొక్కాను.

ఆ ఆదివారం కొండపల్లి వెళ్ళాం. మా ఆయన కింద కారు దగ్గర పేపరు చదువుకుంటున్నారు. ఎక్కుతుంటేనే తేడా తెలిసింది. తొక్కిన ప్రతిసారీ ముందుభాగం కిందికి కుంగుతోంది, నా బలమంతా అందులోకే పోతోంది. రాళ్ళ మలుపు దగ్గర ఎప్పటిలాగే దిగిపోయాను. అసలు సంగతి తిరిగొచ్చేటప్పుడు జరిగింది. దిగుడులో బ్రేకు పట్టగానే ఫోర్కు మొత్తం అడుక్కి దిగిపోయింది, ముందు చక్రంలో ఏదో టప్పున తెగింది, నేను హ్యాండిలు మీదుగా తుప్పల్లో పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. చక్రం వంకర తిరిగింది. రెండు స్పోకులు మీసాల్లా బయటికి పొడుచుకొచ్చాయి. అక్కడే కూచుని ఏడ్చాను. నొప్పికి కాదు, సిగ్గుకి.

మా ఆయన ఆ చెయ్యి చూసి తిన్నగా కట్టు కట్టించడానికి తీసుకెళ్ళారు. నిజంగా భయపడినప్పుడు ఆయన వేళాకోళం ఆడరు. మర్నాడు తన ఆఫీసులో ఒకాయన నా సైకిలు కొనుక్కుంటానన్నారని, వచ్చే ఆదివారం వచ్చి చూస్తారని నెమ్మదిగా చెప్పారు. సరే రమ్మనండి అన్నాను.

నాకు గవర్నర్‌పేటలో జాకెట్లు కుట్టే కొట్టుంది. ఆ వారంలోనే ఒకావిడ పట్టుబట్టా, దాంతోపాటు కొలతకి ఆది జాకెట్టూ తెచ్చారు. ఆ ఆది ఆవిడ ఎప్పుడో సన్నగా ఉన్నప్పటిది. మా దగ్గరికొచ్చే ఆదులు చాలావరకు అలాంటివే. కొత్త కొలత తీయించుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. ఆదిని నమ్మి కుడితే పేరంటంలో చెయ్యెత్తగానే చంక కింద పిగిలిపోతుంది, తిట్లు మాత్రం నాకే. అందుకని "అలాగేనండీ" అంటూనే మనిషిని కళ్ళతో కొలుస్తాను. రెండు అంగుళాలు ఎక్కువ కత్తిరించి, కుట్టులో ఇంకాస్త గుడ్డ వదులుతాను. ఆవిడా చెప్పరు, నేనూ చెప్పను. జాకెట్టు మాత్రం నిలుస్తుంది.

ఆవిడ వెళ్ళిపోయాక ఆ ఇరుకు జాకెట్టు బల్ల మీద పరిచి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. డెబ్బై అన్నది నా ఆది జాకెట్టే. దాన్ని పట్టుకునే ఆ సైకిల్ని నాకు కొలిచి కుట్టారు. జాకెట్టైతే నాలాంటి వాళ్ళెవరో లోపల గుడ్డ వదులుతారు. కొండ మీద చక్రానికి ఎవరు వదులుతారు? ఆ ఓనరు మీద కోపం వచ్చింది, నా మీదా వచ్చింది, మా అమ్మ చెప్పిన ఎముక బరువు మీద అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. అదే ఊపులో కొట్టుకి తాళం వేసి, వంకర చక్రంతో సైకిల్ని ఆటో ట్రాలీలో ఎక్కించాను.

సైకిళ్ళ కొట్లో నలుగురైదుగురు మగవాళ్ళు ఉన్నారు. ఓనరు నా చెయ్యి కట్టు చూసి నొచ్చుకున్నాడు. చక్రం తిప్పి చూసి, రాయి తగిలి ఉంటుందండీ అన్నాడు. అప్పుడు కూడా రాయి మీదకే నెట్టాడు, పాపం.

"రాయి కాదండీ, నేనే. తొంభై ఆరు కిలోలుంటాను" అన్నాను.

నా చెవులు వేడెక్కాయి. ఎవరూ నవ్వలేదు. ఒకాయన మాత్రం గ్లవ్సుల ధర చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

"అడగడానికి నాకు నోరు రాలేదండీ" అన్నాడు ఓనరు.

నాకూ చెప్పడానికి రాలేదన్నాను. ఆ తర్వాత ఇద్దరికీ పని తేలికైంది. నన్ను మోసే చోట తేలిక కూడదని ఒక నిర్ణయానికొచ్చాం. చక్రాలు ముప్ఫై రెండు స్పోకులవి, సీటు గొట్టం మందపాటిది, ముందు బ్రేకు డిస్కు ఒక సైజు పెద్దది. తగ్గించేది నన్ను మొయ్యని చోటే. స్టాండు తీసేశాం, మడ్‌గార్డులు తీసేశాం, టైర్లలో ట్యూబులు తీసేసి చిల్లి పడితే పూడ్చుకునే ద్రవం పోయించాం. వెనక గేర్లలో పెద్ద పళ్ళ చక్రం వేయించుకున్నాం, ఎక్కేటప్పుడు నెమ్మదిగానైనా కాలు ఆడేలా. చివరికి ఫోర్కు పట్టీలో తొంభై ఐదు దాటిన వరస మీద వేలు పెట్టి, నన్ను సీటు మీద కూచోబెట్టి చూసుకుంటూ గాలి కొట్టాడు. సైకిలు మొదటి తూకానికీ ఇప్పటి తూకానికీ తేడా ఏమీ రాలేదు. నాకు చీమ కుట్టినట్టైనా లేదు.

ఇంటికొచ్చి, కొనేవాళ్ళని ఇంకో వారం ఆగమనండి అన్నాను. ఎందుకని మా ఆయన అడిగితే అంకె చెప్పాను. కాసేపు ఆలోచించి, నేను డెబ్బై అయిదేనే అన్నారు, ఏదో తక్కువైనట్టు.

ఆదివారం రాళ్ళ మలుపు దగ్గర ఊపిరి ఎప్పటిలాగే పోయింది. కానీ సైకిలు కుంగలేదు. తొక్కిందంతా చక్రానికే చేరుతోంది. నడిచేవాళ్ళ కంటే నెమ్మదిగా, నాలుక బయటపెట్టుకుని, గుర్తొచ్చినవాళ్ళందర్నీ తిట్టుకుంటూ తొక్కాను. మలుపు వెనకబడింది. ఆ తర్వాత ఇంకో ఎత్తు, తుప్పలు, ఆకాశం. పైన పొగగొట్టాలు కనిపించాక కూడా సీటు దిగలేదు. దిగితే ఎక్కడ లెక్కలోకి రాదోనని కాసేపు అక్కడే చుట్టూ తిరిగాను.

పైనుంచే అమ్మకి ఫోన్ చేశాను. కింద పడిన సంగతి మా ఆయన ద్వారా ఆవిడకి తెలుసు, వారం నుంచీ పూజలో కూచుంటోంది. ఎక్కానని చెప్పాను.

"దిగకుండానేనా?"

"దిగకుండానే."

అప్పుడు, నాకు బుద్ధి తెలిశాక మొదటిసారి, మా అమ్మ నన్నడిగింది.

"నీ బరువెంతే ఇప్పుడు?"

చెప్పాను. ఎముక బరువంటుందేమోనని చూశాను. అనలేదు.

"తొంభై ఆరు కిలోల్ని కొండెక్కించావన్నమాట" అంది, ఒక్కొక్క మాటే పలుకుతూ. "సాయంత్రం మీ ఆయన చేత ఉప్పు దిష్టి తీయించుకో."