ఫిన్నీ రిబ్బన్ తీగలు

గుణదలలో ఫిన్నీలు నలుగురైదుగురు ఉన్నారు గాని, బేస్ ఫిన్నీ ఒక్కడే. ఆ పేరు ఊరు పెట్టింది కాదు. తనే పెట్టుకుని, ఫోనెత్తిన ప్రతిసారీ "బేస్ ఫిన్నీని మాట్లాడుతున్నానండి" అని చెప్పి చెప్పి జనానికి అలవాటు చేశాడు.

యాభైకి దగ్గరపడ్డ మనిషి. గవర్నర్‌పేటలో మోటార్ల వైండింగ్ షాపు. దివిసీమ నుంచీ చల్లపల్లి నుంచీ రైతులు కాలిపోయిన మోటార్లు తెచ్చి పడేస్తే, రాగితీగ మళ్లీ చుట్టి ప్రాణం పోస్తాడు. పనికి వంక పెట్టలేం. కాకపోతే బాగుచేసిన మోటారుని ఆన్ చేసి, పక్కన గొంతుక్కూర్చుని, చెవి ఒగ్గి, "జి స్వరంలో మోగుతోందండీ, ఖచ్చితంగా జి" అని మురిసిపోతాడు. చల్లపల్లి వెంకటప్పయ్య గారు ఒకసారి అంతా ఓపిగ్గా విని, "ఎందులో మోగితే నాకెందుకు బాబూ, నీళ్లు తోడుద్దా?" అని అడిగారు. ఆయనకి సంగీతం తెలియదని ఫిన్నీ ఇంటికొచ్చి భార్య స్టెల్లా దగ్గర జాలిపడ్డాడు.

ఆదివారం వచ్చిందంటే ఫిన్నీ మా క్రైస్తవ మందిరంలో బేస్ గిటార్ వాయిస్తాడు. నాలుగే తీగలు, లావుపాటివి. పాడేవాళ్లూ కీబోర్డు వాయించేవాళ్లూ పైన ఇల్లు కడుతుంటే, కింద పునాది పోసేది బేస్. పునాదిని ఎవరు చూస్తారు? గృహప్రవేశానికి వచ్చినవాళ్లు టైల్స్ మెచ్చుకుని భోంచేసి వెళ్తారు. ఫిన్నీ జీవితంలో ఉన్న ఒకే ఒక్క దుఃఖం ఇది. పైగా కీబోర్డు వాయించే ఆరోన్‌కి ఎడమచెయ్యి ఒకటుంది. ఆ చెయ్యి కిందిమెట్లు నొక్కితే అదీ బేస్‌లాగే వినిపిస్తుంది. ఆ ఎడమచేతిని ఫిన్నీ పదేళ్లుగా క్షమిస్తూనే ఉన్నాడు, ఇంకా పూర్తికాలేదు.

పాట అయిపోయి పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెడితే, వెనకాల మెత్తగా సంగీతం నడవాలి. మా వైపు సంఘాల్లో ఇప్పుడిది చట్టంతో సమానం. సంగీతం ఆగితే ప్రార్థన అక్కడే ఆగిపోతుందేమోనని అందరికీ భయం. ఆ మెత్తటి వాయింపులోనే వచ్చింది చిక్కు. మామూలు బేస్ తీగ మీద సన్నటి గుండ్రటి తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది. దానిమీద వేలు జరిపితే కీచుమంటుంది. పాటలో ఆ కీచు కలిసిపోతుంది. ప్రార్థనలో కలవదు. స్పీకర్లలోంచి వచ్చి మందిరమంతా తిరుగుతుంది.

మొదట్లో అది ఎలక అనుకున్నారు. కమిటీవారు అత్యవసరంగా సమావేశమై, బోను తెప్పించి, అందులో మసాలా వడ ముక్క పెట్టించారు. రెండు వారాలు వడలు ఎండిపోయాయి గాని ఏదీ పడలేదు. మూడో వారం అయ్యగారు జాన్‌బాబు గారు ఎప్పుడూ లేనిది ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచారు. సరిగ్గా అప్పుడే ఫిన్నీ వేలు తీగ మీద కిందికి జారింది.

ఆరాధన అయ్యాక అయ్యగారు ఫిన్నీని పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యి వేశారు. ఆయన భుజం మీద చెయ్యి వేశారంటే సంగతి బాగాలేదని అర్థం.

"ఫిన్నీ, దేవుడు అన్నీ వింటాడు. సంఘం అన్నీ వినక్కర్లేదు. ఆ కీచు ఆగుద్దా సరే. ఆగకపోతే బేస్ మానేద్దాం. ఆరోన్ ఎడమచెయ్యి ఉందిగా."

ఫిన్నీకి ఆ పూట బిరియానీ సయించలేదు. బేస్ కుర్చీ పోవడం ఒక ఎత్తు, ఎడమచేతికి పోవడం ఇంకో ఎత్తు. వారమంతా ఫోన్లో వెతికాడు. దేశదేశాల బేస్ పెద్దలంతా ఒకే మందు చెప్పారు. ఫ్లాట్‌వౌండ్ తీగలు. వాటి మీద గుండ్రటి తీగ బదులు రిబ్బన్‌లా నొక్కిన తీగ చుడతారట. వేలికి గరుకు తగలదు, కీచుమనదు. మోత తక్కువ, దమ్మెక్కువ.

ఇదంతా స్టెల్లాకి రాగితీగ ముక్కలతో చుట్టి మరీ చూపించాడు. ఆవిడ కూర తరుగుతూ విని, "జంతికకీ రిబ్బన్ పకోడీకీ ఉన్న తేడా. దానికింత ఉపన్యాసమా?" అంది. ఫిన్నీ నొచ్చుకున్నాడు గాని, తరవాత షాపులో అందరికీ ఆ మాటే తన మాటగా చెప్పాడు.

పార్శిల్ వచ్చింది. కొత్త తీగలు బిగించిన రోజున వాటి బిగువుకి గిటార్ మెడ కాస్త వంగింది, ఫిన్నీ మెడ పూర్తిగా నిటారుగా నిలబడింది. నిమిరితే నున్నగా, చల్లగా ఉన్నాయి. "చూడవే, పట్టులా ఉంది" అని స్టెల్లా చెయ్యి పట్టుకుని తీగ మీద పెట్టబోయి, మళ్లీ తనే వెనక్కి లాగేశాడు. ఆవిడ చెయ్యి తడిగా ఉంది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఆవకాయ జాడీకున్న మడి గిటార్‌కి వచ్చింది. తడిచెయ్యి తగలకూడదు. తుడవకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మార్చకూడదు. ఫోన్లో ఒక తెల్లగడ్డం పెద్దమనిషి, ఇవి ఎంత పాతబడితే అంత రుచి అనీ, వేలి జిడ్డే వాటి అసలు స్వరమనీ, కొత్తవి వేసేవాడు మూర్ఖుడనీ సెలవిచ్చాడట. ఫిన్నీ ఆ మాటని బైబిలు వాక్యంలా పట్టుకున్నాడు.

"ఆవకాయ ఊరేకొద్దీ బాగుంటుందా లేదా?"

"ఆవకాయైనా ఏడాదికోసారి కొత్తది పెడతామండీ" అంది స్టెల్లా.

ఆ ఆదివారం ప్రార్థనలో కీచు లేదు. ఫిన్నీ కాళ్ల దగ్గర తన చిన్న స్పీకరు పెట్టుకుని, కళ్లు మూసుకుని, తల ఊపుతూ వాయించాడు. అయ్యగారు బయట అందరి ముందూ మెచ్చుకున్నారు. "ఎంత హాయిగా ఉంది ఫిన్నీ! అసలు నువ్వున్నట్టే లేదు."

ఇంకొకరైతే ఈ మాటకి ఒక్క క్షణమైనా ఆలోచించేవారు. ఫిన్నీ పొంగిపోయాడు. మంచి బేస్ వినపడకూడదు, తెలియాలి అని తెల్లగడ్డం పెద్దమనిషి చెప్పనే చెప్పాడు. ఇక అక్కణ్ణుంచి ఫిన్నీని పట్టలేకపోయాం. మోటారు తెచ్చిన రైతుకి రసీదు కంటే ముందు రిబ్బన్ తీగల గుణగణాలు అందేవి. గుణదల మాత ఉత్సవాలకి వచ్చిన బృందాల బేస్ వింటే, పచ్చి చింతకాయ కొరికినట్టు మొహం పెట్టి, "రౌండ్ తీగలు, పాపం" అనేవాడు. ఆరోన్‌కి ఎడమచెయ్యి కాస్త తగ్గించమని సలహా కూడా ఇచ్చాడు. మంచివాడు కనక ఆరోన్ తల ఊపి, ఎప్పటిలాగే నొక్కాడు.

అలా ఉండగా కోత పండుగ వచ్చింది. ఆ రోజు సంఘస్తులు తమ పంటలో, పెంపకంలో తొలిభాగం మందిరానికి తెచ్చి వేదిక ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, బియ్యం బస్తాలు, కాళ్లు కట్టిన కోళ్లు అన్నీ వచ్చాయి. చేపల చెరువున్న ఒకాయన బకెట్టు నిండా బతికున్న కొరమీనులు తెచ్చి, ఖాళీ లేక కీబోర్డు స్టాండు పక్కన పెట్టాడు.

కొరమీను భక్తిగా కూర్చునే చేప కాదు. రెండో పాట మొదటి చరణంలో ఒకటి ఎగిరింది. దాన్ని చూసి మిగతావీ ఎగిరాయి. బకెట్టు ఒరిగింది. నీళ్లన్నీ వెళ్లి కింద నేల మీదున్న కీబోర్డు అడాప్టర్‌ని ముంచాయి. ఆరోన్ చేతులు మెట్ల మీదే ఉన్నాయి, కీబోర్డు మాత్రం చచ్చింది. ఎడమచెయ్యీ, కుడిచెయ్యీ, రెండూ.

జనం పాట ఆపలేదు గాని, ఆసరా లేక తలో శ్రుతికీ జారిపోతున్నారు. అయ్యగారు సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చున్న సాయిగణేష్ వైపు చూసి, ఏదో ఒకటి చెయ్యమని చేత్తో సైగ చేశారు. సాయిగణేష్ మా మందిరానికి మైకులు పెట్టిన సౌండ్ షాపతను. అతను ఫిన్నీ ఛానల్ మీదున్న ఎర్రలైటు ఆర్పేసి, కంగారులో మీటని పైదాకా తోశాడు.

మందిరం దద్దరిల్లింది. కిటికీ అద్దాలు అదిరాయి. కోళ్లు ఒక్కసారి నోరు మూశాయి. ముందు చాప మీద కూర్చున్న మార్తమ్మ గారు గుండె పట్టుకుని పక్కావిణ్ణి బీపీ మాత్ర ఉందేమో అడిగారు. సాయిగణేష్ తన ముందున్నది వేలంపాట మైకని మరిచిపోయి అందులోనే అన్నాడు:

"అన్నా, కొంచెం తగ్గించు. ఎలక గోలప్పుడు వదిన చెప్పిందని ఎర్రలైటు నొక్కి, బయటికి వినపడకుండా మ్యూట్ చేశానన్నా, ఇన్నాళ్లకి ఇవాళే తీశాను."

పాట ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేది. ఫిన్నీ కళ్లు తెరిచాడు. మగవాళ్ల వైపు నవ్వులు పాటలో కలిపి పాడుతున్నారు. ఆడవాళ్ల వైపు స్టెల్లా చీరకొంగు సర్దుకుంటూ పాటల పుస్తకంలోకి చూస్తోంది. ఆ పుస్తకం ఆవిడకి చూడకుండా వచ్చు.

గిటార్ దించి వెళ్లిపోతాడనుకున్నాం. వెళ్తే ఆ కుర్చీ అంతటితో సరి. ఫిన్నీ కిందికి వంగి, గిటార్ మీదున్న మీట సగానికి తిప్పాడు. తరవాత చరణానికి సరైన చోట, సరైన అడుగు వేశాడు. ఒక్కొక్కటే, తొందరపడకుండా. జారిపోయిన గొంతులు ఒక్కొక్కటిగా వచ్చి దానిమీద నిలబడ్డాయి. ఆ వెనక ప్రార్థన. అయ్యగారు కీచు కోసం ఒక చెవి అటే పెట్టి ప్రార్థించారు. రాలేదు. ఆమేన్ అయ్యాక ఆయన ఫిన్నీ వైపు చూసి, "ఉండు" అన్నారు. భుజం మీద చెయ్యి వెయ్యలేదు.

వేలంలో కొరమీనుల బకెట్టుని ఫిన్నీ పాడాడు. పోటీకి ఎవరూ రాలేదు. ఆ చేపలకి అతనికంటే బాకీ ఉన్నవాళ్లు సంఘంలో లేరని అందరికీ తెలుసు.

ఇంటికెళ్లాక స్టెల్లా ఆ చేపలతో పులుసు పెట్టింది. కంచం ముందు కూర్చున్నాక ఫిన్నీ అడిగాడు.

"నువ్వా చెప్పింది?"

"నేనే. వినపడితే లేపేస్తామన్నారు కదా. వినపడకపోతే లేపరు కదా అనుకున్నాను."

"తీగలు మార్చాకైనా చెప్పొచ్చుగా."

"చెబుదామనే ఉన్నాను. ఆ రోజే మీరు అయ్యగారు మెచ్చుకున్నారని రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. ఎలా చెప్పను?"

ఫిన్నీ ముళ్లు ఏరి కంచం అంచున పెట్టాడు.

"ఇవాళ విన్నావా మరి?"

"విన్నాను. మా చాపల కింద నేల కదిలింది." ఆవిడ ఇంకో ముక్క వడ్డించింది. "బాగుందండీ. మీ కబుర్ల కంటే చాలా బాగుంది."

అతను లేచి గిటార్ వైపు నడిచాడు. వేలి జిడ్డే అసలు స్వరమన్నారుగా, ఇంకేం, పులుసు చేత్తోనే కానివ్వండని స్టెల్లా వెనకనుంచి అంది. ఫిన్నీ వెనక్కి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఆరేదాకా తుడుచుకున్నాడు.

తీగలు ఇప్పటికీ అవే. మార్చలేదు, తుడవలేదు, ఉపన్యాసాలు మాత్రం సగానికి తగ్గాయి. ప్రార్థనలో మేమంతా కళ్లు మూసుకుంటాం. ఫిన్నీ ఇప్పుడు మూయడు. మెత్తగా వాయిస్తూనే, మిక్సర్ మీద తన ఛానల్ దగ్గర ఎర్రలైటు వెలిగిందేమోనని మెడ సాచి చూస్తుంటాడు. ఆడవాళ్ల వైపునుంచి స్టెల్లా కూడా కళ్లు మూయకుండా అటే చూస్తుంటుంది.