అమ్మ ముఖంమీది పెన్సిల్

ఆవిడ అసలు పేరు స్టూడియోలో ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇరవయ్యేళ్ళ పిల్లగా, ఫొటోలకి టచింగ్ చేసి ముఖాలు దిద్దే పనిలో చేరిన కొత్తలోనే టచింగక్క అయింది, అరవై దాటాక కూడా టచింగక్కగానే ఉండిపోయింది. తనకంటే పెద్దవాళ్ళు సైతం నోరారా అక్కా అనేవారు. అనక చస్తారా, ముఖాలు ఆవిడ చేతిలో ఉంటే! ఫొటో తీసేది స్టూడియో యజమాని మాస్టారే అయినా, ఆ ఫొటోలో మనిషిని నలుగురిలో తలెత్తుకునేలా చేసేది మాత్రం ఆవిడ పెన్సిలే.

నెగెటివ్‌లో అంతా తలకిందులు. తెల్లనిది నల్లగా, నల్లనిది తెల్లగా కనిపిస్తుంది. చెంపమీది మచ్చ అక్కడ తెల్లటి చుక్క. కింద బల్బు వెలిగే గాజుబల్లమీద నెగెటివ్ పెట్టి, జిగురు మందు పూసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఆ చుక్కని నింపేస్తే ప్రింటులో మచ్చ మాయం. అలా ఎన్ని మొటిమలు, ఎన్ని కళ్ళకింద సంచులు పూడ్చిందో లెక్కలేదు. ఒక హెడ్మాస్టరైతే ముక్కుమీద పులిపిరి లేని తన ఫొటో చూసుకుని, ఇది నేను కాదు, వేరే ఎవరిదో అంటగడుతున్నారని స్టూడియో అంతా ఎగిరాడు. మళ్ళీ పులిపిరి పెట్టి ఇస్తేగాని శాంతించలేదు. ఎంత బుద్ధిమంతుడో ఆవిడకి అప్పుడు తెలియలేదు.

అప్పటికే ఆవిడ తన సొంత తల్లి ముఖం చెరిపేసి ఉంది.

తల్లికి చిన్నతనంలో స్ఫోటకం వచ్చి ముఖమంతా గుంటలు పడ్డాయి. పని చేతికొచ్చిన కొత్తలో, పట్టుబట్టి ఆమెని స్టూడియోకి తీసుకెళ్ళి మాస్టారిచేత ఫొటో తీయించింది. ప్రింట్లు వేసే పిల్ల ఆమె ముఖం చూసి చటుక్కున తల తిప్పుకుంది. చేసింది అంతే. కూతురికి మాత్రం ఒళ్ళంతా సిగ్గు పాకింది. ఆ నెగెటివ్ ముందేసుకుని రెండు రోజులు దించిన తల ఎత్తకుండా కూర్చుంది. ఒక్క గుంట మిగల్చలేదు. ప్రింటు చేతికిస్తే తల్లి చాలాసేపు చూసి, "బాగా దిద్దావే" అంది. తర్వాత ఎప్పుడు ఫొటో మాటెత్తినా "ఉందిగా ఒకటి, చాలదూ" అని తప్పుకునేది. నాలుగేళ్ళకి పోయింది.

అదొక్కటే మిగిలింది, గోడమీద. పొద్దస్తమానం దాన్నే చూసి చూసి, కళ్ళు మూసుకున్నా ఆ నున్నటి ముఖమే రావడం మొదలైంది. మచ్చలు ఉండేవని తెలుసు. ఎక్కడెక్కడ ఉండేవో తెలియదు. కన్నతల్లి ముఖం గుర్తులేదని ఎవరితో చెప్పుకుంటుంది? అందుకే స్టూడియో మూసేస్తున్నారని, పాత నెగెటివ్‌లు తుక్కులో వేసేస్తున్నారని మాస్టారి కోడలు ఫోన్ చేస్తే, ఆటో వేసుకుని పరిగెత్తి నాలుగు రేకు డబ్బాలు ఇంటికి మోసుకొచ్చింది. ఆవిడ కూతురు తన పాత స్కానర్ ఇచ్చి, ఎలా వాడాలో నేర్పి, సెట్టింగులన్నీ పెట్టి వెళ్ళింది.

భర్త రిటైరైన బస్సు డ్రైవరు. నోరు ఊరుకోదు. భోజనాల బల్ల సగం స్కానర్ ఆక్రమించాక ఆయన కంచం స్టూలుమీదికి మారింది.

"ఏమోయ్, ఊళ్ళోవాళ్ళందరినీ ఇంట్లోకి తెచ్చావు. నన్ను మాత్రం బల్లమీంచి దింపేశావు."

"మీరు నెగెటివ్ అయ్యుంటే మిమ్మల్నీ బల్లమీదే పెట్టేదాన్ని లెండి," అనేది ఆవిడ.

కాలక్షేపం కోసమని అందరికీ చెప్పింది. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దవైన ఆ చదరపు నెగెటివ్‌లు చుట్టలు చుట్టుకుపోయి ఒక పట్టాన లొంగేవి కావు. ఒక్కొక్కదాన్నీ పుస్తకాల కింద పెట్టి సాపుచేసి, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, నల్ల ప్లాస్టిక్ చట్రంలో బిగించి మూత వేసేది. ఎవరెవరివో ముఖాలు కంప్యూటర్ తెరమీదికి వచ్చేవి. ఏడు వారాల తర్వాత, మూడో డబ్బా అడుగున, ఒక మైనపుకాగితం కవరు కిటికీ వెలుగుకి ఎత్తగానే తెలిసిపోయింది. తన పెన్సిల్ గీతలు తను గుర్తుపట్టదా!

ముందు ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేసింది. గోడమీది ముఖమే. ఇక పెన్సిల్ చెరిపి, దానికింది అసలు ముఖం బయటికి తీయాలి. టర్పెంటైన్ సీసా బల్లమీద పెట్టడం చూసి ఆయన స్టూలుమీంచి లేచి వచ్చాడు.

"ఉన్నది ఒక్కటే కదే. పాడైపోతే?"

"పాడుచేసింది నేనేగా. ఇంకేం పాడవుతుంది?"

మాట గట్టిగానే అంది గాని భయం లేకపోలేదు. నలభయ్యేళ్ళ నాటి ఫిల్ము, పైపొర లేచిపోతే ఆ మాత్రం ముఖం కూడా దక్కదు. ముందు ఎవరో పెళ్ళికొడుకు నెగెటివ్ తీసి దూదితో తుడిచి భూతద్దంలో చూసింది. పాపం, అన్నేళ్ళ తర్వాత అతని మొటిమలన్నీ ఒక్కటి తగ్గకుండా తిరిగొచ్చాయి. పైపొర చెక్కుచెదరలేదు. అప్పుడు అమ్మని తీసి బల్లమీద పరిచింది. నుదుటి దగ్గర మొదలుపెట్టి కిందికి, ఊపిరి బిగబట్టి, ఒత్తకుండా తుడిచింది. దూది బూడిదరంగులోకి తిరిగింది. ఆరేదాకా ఆగింది.

స్కాన్ చేసింది. తెరమీద మళ్ళీ అదే నున్నటి ముఖం!

పెన్సిల్‌తోపాటు మచ్చలు కూడా తుడిచేశానా అని నెగెటివ్ పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తింది. భూతద్దంలో చూస్తే తెల్ల చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మరి తెరమీద ఏమయ్యాయి? కూతురికి ఫోన్ చేసింది.

"దుమ్ము తీసేసే ఆప్షన్ ఉంటుందమ్మా, నేనే టిక్ పెట్టాను. చిన్న చిన్న మచ్చలు కనిపిస్తే దుమ్మనుకుని అదే చెరిపేస్తుంది. మంచిదే కదా?"

"మంచిదే తల్లీ. ఎలా తీసెయ్యాలో చెప్పు."

ఫోన్ పెట్టేసి స్కానర్ వంక గుర్రుగా చూసింది. "రెండు రోజులు పట్టింది నాకు. దీనికి రెండు నిమిషాలు చాలింది," అంది. టిక్ తీసేసి మళ్ళీ మొదలుపెట్టింది. మూత కింద దీపం మెల్లగా పాకింది. తెరమీద జుట్టు వచ్చింది, నుదురు వచ్చింది, తర్వాత అమ్మ వచ్చింది.

నుదుటిమీద పెద్దగా ఏమీ లేవు. ముక్కుకి రెండు పక్కలా గుంపుగా ఉన్నాయి. ఎడమ చెంపమీద ఒకటి లోతుగా, కందిగింజంత. ఔను, అక్కడే! చూడగానే వేలు దానంతటదే వెళ్ళి తెరమీద ఆ చోట ఆనింది. నోటికి కుడిపక్కన ఒక గీత ఉంది. అది స్ఫోటకం గుంట కాదు. నవ్వు ఆపుకుంటే పడే గీత. ఆ రోజు తను లైట్ల వెనక నిలబడి, "గడ్డం ఎత్తు, కదలకు" అంటూ మాస్టారికంటే ఎక్కువ పెత్తనం చేస్తుంటే అమ్మకి నవ్వు ఆగలేదు. దాన్నీ మచ్చల్లో కలిపి పూడ్చేసింది ఈ మహాతల్లే. ఇన్నేళ్ళూ గోడమీద అమ్మ అంత ముభావంగా ఎందుకు ఉందో ఇప్పుడు తెలిసింది.

భర్త వెనక నిలబడి చూశాడు. వాళ్ళ పెళ్ళినాటికే అత్తగారు లేరు.

"ఎంత బాగున్నారే మీ అమ్మగారు," అన్నాడు. హాస్యమాడలేదు. "ఇదే పెద్దది చేయించి పెడదాం."

ఆవిడ తలూపింది. కన్నీళ్ళు తుడుచుకోలేదు. ఒక్కసారి ఆ ముఖం చూస్తే చాలు, ఇంకేమీ వద్దు అనుకుంది ఇన్నాళ్ళూ. తీరా చూశాక ఆ పెదాలు కదిలితే బాగుండుననిపించింది. ఫొటో తీయగానే అమ్మ ఏదో అంది, మాస్టారితో సహా అందరూ పగలబడి నవ్వారు. ఏమంది? చెవి ఒగ్గి ఎంతసేపు కూర్చున్నా ఏమీ వినిపించలేదు.

"ఏవండీ," అంది తెర మీంచి చూపు తిప్పకుండానే, "అమ్మ గొంతు ఎలా ఉండేదో గుర్తు రావట్లేదండీ."