నీళ్లడుగున మా నాన్న వేసిన అతుకు

నలభై మూడేళ్ల వయసులో ఈత నేర్చుకుని, ఆపైన స్కూబా శిక్షణ కూడా తీసుకుని నేను సముద్రంలోకి దిగడానికి కారణం చేపలు కాదు, ఒక ఎగతాళి. మా నాన్న పేరు సత్యం, పోర్టులో ముప్పై ఏళ్లు వెల్డరు. సరుకులు మోసే ఒక పాత బార్జి పడవ పక్కకు చిల్లు పడితే కొత్త ప్లేటు వేసి అతికింది ఆయనే. తర్వాత తుఫానులో ఆ బార్జి తాళ్లు తెంపుకుని కొట్టుకుపోయి మునిగింది. అదృష్టం, అందులో మనుషులెవరూ లేరు. కానీ నాన్న రిటైర్మెంటు సభలో ఓ పెద్దమనిషి మైకు పట్టుకుని, "సత్యం అతుకు ఊడకపోతే ఆ బార్జి ఇంకా తేలుతూనే ఉండేది" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వారు. ఆ రోజు నుంచి పదేళ్లుగా ఇంట్లో వెల్డింగ్ మాటే ఎత్తలేదు. నాకైతే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ బార్జి రుషికొండ బీచి అవతల సముద్రంలో నలభై అడుగుల లోతున చేపలకు ఇల్లయిందని, డైవర్లు వెళ్లి చూసొస్తున్నారని ఈమధ్య తెలిసింది. ఇంకేం, జనవరిలో ఓ ఆదివారం ఉదయం ఆరింటికి నాన్నను కారెక్కించుకుని దువ్వాడ నుంచి బయల్దేరాను. రోడ్లు ఖాళీ, గంటంపావులో రుషికొండ. బస్సులో వచ్చేవాళ్లు బస్టాండు కాంప్లెక్సులో ఇంకో బస్సు మారాలి కాబట్టి ఇంకో గంట కలుపుకోండి. రెండు ఇడ్లీలతో సరిపెట్టుకున్నాను, కడుపునిండా తింటే బోటులో కక్కుకోవాల్సిందే. డైవింగ్ గేరుకు, బోటుకు, గైడుకు కలిపి ఆరు వేలు తీసుకున్నారు. నాన్న ఒడ్డునే ఉంటానన్నారు. నేను ఊరుకుంటానా? లైఫ్ జాకెట్ తొడిగి బోటెక్కించాను.

గైడు ఎల్లాజీ ఒకప్పుడు వలలు వేసిన మనిషి. "ఏటి బాబాయ్, మొకం అలా ఎట్టీసారు? అక్కకి నాను తోడుంతాను కదేటి" అన్నాడు. నాకు మాత్రం గట్టిగా చెప్పాడు, "బార్జి మీది గుల్లలు గోకొద్దక్కా. లోన జీవాలుంతాయి, ఆటి కొంపలవి."

నాన్న నా వైపు తిరిగి, పదేళ్లలో మొదటిసారి పని గురించి మాట్లాడారు. "ముందు భాగంలో, ఎడమ పక్క. ప్లేటు మూలలు గుండ్రంగా ఉంటాయి. మూల కోసుగా ఉంటే అక్కణ్ణించే పగులుద్దమ్మా. లైటు ఎదురుగా వెయ్యకు, పక్కనుంచి వెయ్యి. అప్పుడే అతుకు లేచి కనపడుద్ది." నా చేతికి టార్చి అందిస్తూ, "ఊడిపోయుంటే ఊడిపోయిందనే చెప్పు" అన్నారు.

తొమ్మిదిన్నరకు నేనూ ఎల్లాజీ నీళ్లలోకి దిగాం. పచ్చటి నీళ్లలోంచి బార్జి నల్లగా కనిపించింది. పసుపు చారల చేపలు గుంపులు గుంపులుగా మా చుట్టూ తిరుగుతున్నాయి, అబ్బో, ఎంత అందం! కానీ నా కళ్లు ఎడమ పక్కనే ఉన్నాయి. అక్కడ మనిషి పట్టేంత చీలిక, అంచులు లోపలికి మడతపడి ఉన్నాయి. అతుకు ఊడిపోయిందనే అనుకున్నాను. చుట్టూ అంతా గుల్లలే, ఏది ప్లేటో ఏది బార్జో తెలియలేదు. గోకబోయాను. ఎల్లాజీ నా మణికట్టు పట్టుకుని వేలు ఆడించాడు.

అప్పుడు నాన్న మాట గుర్తొచ్చింది. టార్చి బార్జి గోడకు ఆనించి పక్కనుంచి వేశాను. గుల్లల కింద ఒక గీత లేచి కనిపించింది. తిన్నగా వెళ్లింది, మూల దగ్గర గుండ్రంగా తిరిగింది. నాలుగు మూలలూ చూశాను. ఎక్కడా పగులు లేదు. చీలిక అంచులు లోపలికి మడతపడ్డాయంటే బయటినుంచి ఏదో రాయి గుద్ది చీల్చిందన్నమాట. ఆ చీలిక నాన్న అతుకు దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది! ఏడ్చేశాను. మాస్కులో ఏడిస్తే తుడుచుకునే దారి కూడా లేదు.

తిరిగి బోటెక్కాక ఎల్లాజీ, నీళ్లడుగున తను తీసిన వీడియో చూపించాడు. "అక్కడాపు" అన్నారు నాన్న. స్క్రీన్ మీద ఆ గీత వెంట నెమ్మదిగా వేలు నడిపారు. "ఒకదాని మీద ఒకటి మూడు వరసల వెల్డింగు పోశాను దీనికి."

"బార్జంతా తుప్పట్టిపోనాది బాబాయ్. మీ అతుకు సూడండి, అలగే ఉంది!" అన్నాడు ఎల్లాజీ.

గుడ్ మార్నింగ్ మెసేజీలు కూడా పెట్టని మా నాన్న, ఒడ్డుకు చేరగానే ఆ వీడియోను పోర్టు రిటైరయినవాళ్ల గ్రూపులో పెట్టారు. కింద రెండే మాటలు: "అతుకు ఊడలేదు."

ఈ ఊళ్లో ఓడలనీ క్రేన్లనీ చూసి అందరూ గొప్పగా చెప్పుకుంటారు. వాటిని అతికిన చేతుల గురించి ఎవరూ అడగరు. అలాంటి చేతుల ఇంట్లో పుట్టినందుకు నాకెంత గర్వంగా ఉందో దాచుకోను. మీరు వెళ్తే సొంత టార్చి తీసుకెళ్లండి. గుల్లల మీద చెయ్యి వేయకండి, లైటు పక్కనుంచి వేయండి. ఈ చిట్కా నాది కాదు, మా నాన్నది. ఆయన పోర్టులో వెల్డరు.